గెలిచేవాళ్ళకి చెప్పాల్సిన ముచ్చట

చెల్లెళ్ళూ, వానలు పట్టుకున్నాయి. టికియాపారా కార్‌షెడ్‌లో పట్టాల మీద నీళ్ళు నిలిచాయంటే హౌరా వచ్చే బండ్లూ పోయే బండ్లూ ఎక్కడివక్కడే అని మీకు వేరే చెప్పాలా? డ్యూటీకి పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు. పిల్లలకి బయట ఆటల్లేవు. ఇలాంటప్పుడు మా వీధి మగపిల్లల ముందు కుంగ్‌ఫూ సినిమా ఒకటి పెట్టేస్తే ఆ కాసేపూ ఇంట్లో అల్లరుండదు. అది అయిపోయాక తలగడల పని అయిపోతుందనుకోండి, అది వేరే సంగతి!

ఈసారి ముచ్చట అలాంటి సినిమా ఒకదాని గురించే. 2006లో వచ్చిన ‘ఫియర్‌లెస్’. రోనీ యూ తీశాడు, జెట్ లీ వేశాడు. "తన్నులాట సినిమా మనకెందుకక్కా?" అనకండి. అందులో ఉభాల సీను, అంటే వరినాట్ల సీను, ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బురదమళ్ళలో నడుం వంచి నాట్లేసి, ఆ తర్వాత రైలు పనికి కుదిరిన మగాళ్ళ వెంట ఈ హౌరాకొచ్చిన మన పెద్దవాళ్ళు ఆ సీను చూస్తే జెట్ లీ చేతిలో నారు లాక్కుని "ఇలాగేనా నాటడం?" అని మొట్టికాయ వేసేస్తారు. నిజం!

కథ చెబుతాను వినండి. చైనాలో తియాన్‌జిన్ అనే ఊరు. హువో యువాన్‌జియా అనే పిల్లాడి నాన్న పెద్ద యోధుడు. ఒకరోజు అరుగు మీద పోటీ. గెలుపు నాన్న చేతికి వచ్చేసింది. ఇంకొక్క గుద్దు గుద్దితే అవతలివాడి ప్రాణం పోతుంది. అందుకని చెయ్యి ఆపేశాడు. అదే అదనుగా అవతలివాడు కొట్టాడు, నాన్న ఓడిపోయాడు. జనంలో నిలబడి చూస్తున్న పిల్లాడికి ఆ ఆగిన చెయ్యి కనబడలేదు, ఓడిన నాన్నే కనబడ్డాడు. జన్మలో ఓడిపోకూడదని ఆ రోజే ఒట్టేసుకున్నాడు.

పెద్దయ్యాడు. ఎదురొచ్చినవాణ్ణల్లా పడగొట్టాడు. చుట్టూ శిష్యులు, తాగుళ్ళు, పొగడ్తలు. వాళ్ళ తాగుడు ఖర్చంతా భోజనశాల నడిపే చిన్ననాటి స్నేహితుడి పద్దులో పేరుకుపోతోంది. ఆ స్నేహితుడు చెప్పి చూశాడు, మనుషుల్ని చూసి చేరదీయరా అని. వింటేగా! ఒకరోజు శిష్యుడొకడు దెబ్బలు తిని వచ్చాడు. కొట్టింది చిన్ అనే మరో గురువు. ఎందుకు కొట్టాడని ఈయన అడగలేదు. తిన్నగా ఆ చిన్ గారి పుట్టినరోజు విందులోకి పోయి, వచ్చిన చుట్టాలందరి ముందూ కత్తి దూసి, ఆయన్ని చంపేసేదాకా ఆగలేదు. దానికి పగగా ఆయన పెంచుకున్న కొడుకు ఈయన తల్లినీ చిన్న కూతుర్నీ చంపేశాడు. తీరా చూస్తే తప్పు చేసింది శిష్యుడే. చిన్ గారింటి ఆడమనిషి జోలికి పోయి తన్నులు తిన్నాడు.

చూశారా, "ఎందుకు కొట్టాడు?" అన్న ఒక్క మాట నోటికి రాకపోవడం వల్ల ఎన్ని ప్రాణాలు పోయాయో! అహంకారం అంటే మీసం మెలేయడమూ, రొమ్ము విరుచుకోవడమూ అనుకుంటాం గానీ, అవన్నీ పైపై వేషాలు. ఎదుటివాణ్ణి ఒక మాట అడగాల్సిన పని నాకేంటి అనుకోవడం దగ్గరే అది మొదలవుతుంది.

ఆ తర్వాత మతి చెదిరి, దేశం పట్టుకు తిరిగి, నీళ్ళలో పడి కొట్టుకుపోతుంటే ఒక కొండపల్లె వాళ్ళు బతికించారు. ఒక అవ్వ, ఆవిడ దగ్గర చూపులేని ఒక అమ్మాయి. అక్కడ వస్తుంది మన ఉభాల సీను. ఈయన కూడా పొలంలో దిగాడు. దిగినవాడు ఊరికే ఉంటాడా? పక్కవాళ్ళ కంటే ముందు చాలు పూర్తి చెయ్యాలి! అరుగు మీద పోటీ పోయి మడిలోకి వచ్చింది, అంతే. గబగబా గుచ్చుకుంటూ పోయాడు. నారంతా ఒకదాని మీదొకటి ఇరుకిరుగ్గా పడింది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ చూపులేని అమ్మాయి మడిలో దిగి, వేళ్ళతో తడుముకుంటూ వాటిని పీకి, ఎడం ఇచ్చి మళ్ళీ నాటింది. ఆ సంగతి ఈయనకి తర్వాత గానీ తెలియలేదు.

ఉభాలు వేసినవాళ్ళని అడగండి, ఆ ఎడం ఎందుకో చెబుతారు. కుదురుకీ కుదురుకీ మధ్య చోటుంటేనే పిలకలు వేస్తుంది. గాలీ వెలుతురూ ఆడకపోతే దోమ పట్టి చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. అందుకే వ్యవసాయ శాఖ వాళ్ళు ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఏటా చెబుతూనే ఉంటారు. ఎవరెంత తొందరగా నాటారో ఆ పంటకేం తెలుసు? పక్క కుదురుకి చోటిచ్చారా లేదా అన్నదే దానికి కావాలి. ఆ పల్లెలో ఇంకో అలవాటు కూడా చూపిస్తారు. పని మధ్యలో చల్లగాలి వీచిందంటే అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడి కళ్ళు మూసుకుని ఆ గాలిని అనుభవిస్తారు. ఈ వీరుడొక్కడే వంగి నాటుకుంటూ పోతాడు, తనొక్కడికే పోటీ ఉన్నట్టు. నిలబడడం నేర్చుకోవడానికి ఆయనకి ఎన్నాళ్ళో పట్టింది.

ఇక్కడే నాకు ఈ కథ నచ్చింది. గర్వభంగం కథలు మనకి కొత్త కాదుగా. సౌగంధిక పువ్వు కోసం పోతున్న భీముడు దారిలో ముసలి కోతి తోక కదపలేక చెమటలు కక్కాడు. ఆ కోతి హనుమంతుడు కాబట్టి సరిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత కూడా చెప్పుకుంటాం. కానీ ఆ దారిలో వచ్చే బుద్ధి ఎంతసేపుంటుంది? ఓడినవాడు ఇంకా కసరత్తు చేసి ఆ తల తన్నేవాణ్ణి తన్నాలని చూస్తాడు. ఈ హువో చిన్నప్పుడు చూసింది ఓటమే కదా, దానివల్ల పెరిగింది పొగరే కదా!

బయట లోకంలోనూ అంతే. 2017లో చెంగ్‌దూ నగరంలో వే లే అనే తాయ్‌చీ గురువు, షూ షావ్‌దాంగ్ అనే కొత్తరకం పోటీల ఆటగాడితో తలపడ్డాడు. నిమిషం కూడా నిలవలేదు. దాంతో పాతవిద్యల గురువులకి వినయం వచ్చిందా? రాలేదు, కోపం వచ్చింది. గెలిచిన షూ మీదే 2019లో కోర్టు తీర్పు వచ్చింది, ఇంకో తాయ్‌చీ గురువుని తూలనాడినందుకు క్షమాపణ చెప్పమని. వినయం ఓడినవాళ్ళకీ రాలేదు, గెలిచినవాడికీ రాలేదు! అందుకే అంటున్నాను, మన వీరుడికి బుద్ధి చెప్పింది తనకన్నా బలవంతుడు కాకపోవడమే ఈ సినిమాలో అసలు తెలివి. తనతో పోటీకే రాని ఒక పిల్ల చేతల్లో చూపించింది.

బలం చూపించాలంటే ఎవణ్ణో ఒకణ్ణి పడగొట్టి తీరాలా? మన వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారిని తలుచుకోండి. రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకున్నారు, గొలుసులు తెంచారు, పోతున్న కార్లని ఆపారు. జనం ముక్కున వేలేసుకుని చూశారు. అంత బలం చూపించడానికి అక్కడ ఎవరూ ఓడాల్సిన పనిలేదు. మన పిల్లలకి జెట్ లీ తెలుసు, ఈయన తెలీదు. ఆ సంగతి కాస్త మీరు చూసుకోండి.

సినిమాలో హువో తిరిగొస్తాడు. ఒబ్రైన్ అనే అమెరికా వస్తాదుతో పోటీలో, వాడు మేకుల మీద పడబోతుంటే పట్టుకుని ప్రాణం కాపాడతాడు. తనాకా అనే జపాన్ యోధుడితో కూర్చుని టీ తాగుతాడు. ఏ ఆకు గొప్పది, ఏది తక్కువది అని తనాకా మాట తీస్తే, ఆ తేడాలు మనుషులు పెట్టినవే, ఆకుకి ఏం తెలుసు అన్న అర్థంలో మాట్లాడతాడు. టికియాపారా స్టేషన్ దగ్గర మట్టి భాండ్‌లో టీ తాగి, దార్జిలింగ్ టీ కబుర్లు చెప్పుకునే మనకి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది! ఆఖరి పోటీలో తాగే టీలో విషం కలుపుతారు. రక్తం కక్కుకుంటూ కూడా తనాకా గుండె మీద పడాల్సిన దెబ్బని ఆపేస్తాడు. చిన్నప్పుడు నాన్న ఆపిన చెయ్యి గుర్తుందిగా? అది ఓటమి కాదని కొడుక్కి తెలిసేసరికి జీవితం అయిపోయింది. గెలిచింది హువోయే అని తనాకా తనే చెయ్యెత్తి చూపిస్తాడు.

ఇదంతా సినిమా. ఇప్పుడు అసలు మనిషి సంగతి. హువో యువాన్‌జియా నిజంగా ఉన్నాడు. తియాన్‌జిన్ దగ్గర పల్లెలో 1868లో పుట్టాడు. చిన్నప్పుడు రోగిష్టి. ఇంట్లో తరతరాలుగా వస్తున్న విద్య ఉన్నా, వీడివల్ల పరువు పోతుందని తండ్రి నేర్పలేదట. చాటుగా చూసి, చెట్ల మధ్య ఒక్కడే సాధన చేసి నేర్చుకున్నాడని చెబుతారు. తల్లినీ కూతుర్నీ చంపడం, తాగి తందనాలాడడం సినిమావాళ్ళు కల్పించినవే. మా తాతని హంతకుడిలా చూపించారని ఆయన మనవడు బీజింగ్‌లో కోర్టుకెక్కాడు కూడా. ఇంటిల్లిపాదీ పోయారని సినిమా అంటుంటే మనవడు వచ్చి దావా వేయడం, భలే ఉంది కదూ!

నన్నడిగితే అసలు హువో కథలోనే వినయం ఇంకా ఎక్కువుంది. ఆ రోజుల్లో ఇంటి విద్య ఇల్లు దాటనిచ్చేవారు కాదు. అలాంటిది 1910లో షాంఘైలో ఆయన పేరు మీద చిన్ వూ సంఘం పుట్టింది. అదే ఏడు 42 ఏళ్ళకే ఆయన పోయాడు. ఎలా పోయాడన్న దాని మీద విషప్రయోగం కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ సంఘం నిలిచింది. అందులో హువో ఇంటి విద్య ఒక్కటే గొప్పదని కూర్చోలేదు. గరుడపంజా, గొల్లభామ పోకడ, తాయ్‌చీ లాంటి వేరేవేరే విద్యల గురువుల్ని పిలిచి, అందరికీ నేర్పించారు. ఆడవాళ్ళకీ నేర్పారు! ఆడపిల్లల పాదాలు బిగించి కట్టేసే ఆచారం ఇంకా పూర్తిగా పోని రోజులవి. చెన్ షీచావ్ అనే ఆవిడ ఆ సంఘంలో ఆడవాళ్ళకి నేర్పడమే కాక, 1920లో ప్రచారానికి ఓడెక్కి ఆగ్నేయాసియా దేశాలు తిరిగొచ్చింది. మరుసటేడు మలయాలో సెలాంగోర్ చిన్ వూ పుట్టింది. కౌలాలంపూర్‌లో మన తెలుగువాళ్ళున్నారుగా, అక్కడి గుట్ట మీద చిన్ వూ స్టేడియం ఏదని అడిగితే చూపిస్తారు.

ఒక సందేహం వచ్చి ఉంటుంది మీకు. "అక్కా, పుట్టినప్పట్నుంచీ మమ్మల్ని అణిగి ఉండమనే కదా చెప్పారు? ఇప్పుడు నువ్వూ మొదలెట్టావా?" అని. ఆ మాట మీకు చెప్పడానికి రాలేదు తల్లీ. ఆ చూపులేని అమ్మాయి రాత్రి లేచి చెడిన నాటు సరిచేసింది, అందుకని డప్పు కొట్టుకోలేదు. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ మన ఇళ్ళల్లో జరిగేది సరిగ్గా ఇదే కదా? చేసినవాడు చెడగొట్టి పడుకుంటాడు, ఆడది రాత్రి కూర్చుని సరిచేస్తుంది, పొద్దున్నే మెప్పు వాడిది. అందుకే ఆ పిల్ల నుంచి మీరు ఓర్పు నేర్చుకోవద్దు, అది మీకు చాలినంత ఉంది. పొద్దున్న లేచి "రాత్రి సరిచేసింది నేను, రేపు ఎడంగా నాటు" అని నోరు విప్పి చెప్పండి. చెప్పకపోతే అవతలివాళ్ళకి తెలిసేదెలా?

మరి వినయం ఎవరికంటారా? ఎక్కడ గెలుస్తున్నామో అక్కడ మనకీ కావాలి. కోడళ్ళ ముందు అత్తగారికి. చిన్న కోడలి ముందు పెద్ద కోడలికి. కార్పొరేషన్ కొళాయి దగ్గర, ముప్పయ్యేళ్ళ కిందట వచ్చినవాళ్ళం మేమని నిన్నమొన్న గది అద్దెకి తీసుకున్నదాని బిందెని పక్కకి తోసేసేవాళ్ళకి. బెంగాలీ బాగా వచ్చినందుకు, రానివాళ్ళని చూసి నవ్వేవాళ్ళకి. ఇంగ్లీషు చదువుకుని, అమ్మ హిందీని వెక్కిరించే పిల్లలకి. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, పక్క కుదురుకి చోటివ్వడం మర్చిపోయినవాళ్ళు.

చోటు మాట వచ్చింది కాబట్టి, హౌరా వంతెన దాటి కోల్‌కతాలో టిరెట్టా బజారుకో, టాంగ్రాకో పోయినప్పుడు చూడండి. మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చిన చైనావాళ్ళు. తోలు పని, చెప్పుల పని, వడ్రంగం, పళ్ళ వైద్యం, ఏది దొరికితే అది చేశారు. 1962లో చైనాతో యుద్ధమప్పుడు వాళ్ళలో ఎందర్నో రాజస్థాన్ దేవ్‌లీ నిర్బంధ శిబిరానికి పట్టుకెళ్ళారు. ఎన్నో కుటుంబాలు కెనడా పోయాయి. ఈ మహానగరం ఎవరికి ఎంత చోటిచ్చిందో, ఎప్పుడు లాక్కుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

అందుకని చెల్లెళ్ళూ, ఈ సినిమా చూపించాలనుకుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఎప్పుడూ తలవంచే పిల్లని కూర్చోబెట్టి "చూశావా, వినయంగా ఉండాలి" అని చెప్పకండి. దానికి ధైర్యం చెప్పే సినిమా వేరే ఏదైనా పెట్టండి. ఇది మాత్రం ఇంట్లో ప్రతి గొడవా గెలిచేవాళ్ళకి చూపించండి. ఆ గెలిచేది మీరే అయితే, ముందు మీరే చూడండి. చూసి, ఏమనిపించిందో నాకు ఉత్తరం రాయండి.