ప్రకృతికి పద్దు

ఐరోపా సమాఖ్యలో చేరదలచిన దేశం ఆ సమాఖ్య శాసనాలను ముందుగానే తన శాసనాలుగా స్వీకరించవలసి ఉంటుంది. వాటిలో రెండు ప్రకృతికి సంబంధించినవి. ఒకటి పక్షుల రక్షణకు 1979లో చేసినది; రెండవది వన్యజీవుల ఆవాసాల రక్షణకు 1992లో చేసినది. అరుదైన జీవులకు నెలవైన తావులను గుర్తించి, ‘నేచురా 2000’ అనే జాబితాలో చేర్చి కాపాడాలని అవి నిర్దేశిస్తాయి. నిర్దేశించడం సులభమే, అందుకయ్యే వ్యయాన్ని ఎవరు భరించాలన్నదే చిక్కు. 2004 మే 1న సమాఖ్యలో చేరిన పది దేశాలలో పెద్దదైన పోలాండ్ అనుభవం ఈ చిక్కును స్పష్టంగా చూపుతుంది.

1989లో కమ్యూనిస్టు పాలన ముగిసేనాటికి పోలాండ్ విదేశీ రుణభారంతో కుంగిపోయి ఉంది. 1991లో రుణదాత దేశాలు తమకు రావలసిన దానిలో సగం మాఫీ చేయడానికి అంగీకరించాయి. మిగిలిన దానిలో కొంత భాగాన్ని స్వదేశంలో పర్యావరణం కోసం వెచ్చిస్తే, ఆ మేరకు బాకీని వదులుకొనే వీలు కూడా కల్పించాయి. అందుకై 1992లో ‘ఎకోఫండుష్’ అనే నిధి ఏర్పడింది. అమెరికా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, స్వీడన్, నార్వే దేశాలు ఇందుకు ముందుకు వచ్చాయి. అప్పు తీర్చడానికి దేశం దాటవలసిన ధనం ఈ విధంగా స్వదేశంలోని గాలికి, నీటికి, అడవికి ఖర్చయింది. 2010 వరకు ఈ నిధి ద్వారా సుమారు 57 కోట్ల డాలర్లు వినియోగించేందుకు ఏర్పాటు జరిగింది.

సమాఖ్య నుండి కూడా సాయం అందింది. పోలాండ్, హంగరీల కోసం 1989లో మొదలైన ‘ఫార్’ పథకం క్రమంగా ఇతర దేశాలకు విస్తరించింది. (ఫ్రెంచి భాషలో ఆ మాటకు దీపస్తంభమని అర్థం.) 2000 నుండి ‘ఇస్పా’, ‘సపార్డ్’ అనే మరో రెండు పథకాలు తోడయ్యాయి. ఇస్పా ధనం రహదారులకు, రైలుమార్గాలకు, మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లింది. అవి అవసరమైనవే. అయితే కట్టి చూపగలిగిన వాటికి దొరికినంత సులభంగా పచ్చిక బయళ్లకు ధనం దొరకలేదు.

ఈశాన్య పోలాండ్‌లోని బియెబ్జా నదీలోయ ఇందుకు ఉదాహరణ. 1993లో జాతీయోద్యానవనంగా ప్రకటించిన ఈ లోయ 59 వేల హెక్టార్లకు పైగా విస్తరించి ఉంది. ఇక్కడి చిత్తడి బయళ్లలో అక్వాటిక్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూడు కట్టుకొంటుంది. ప్రపంచంలో అరుదైపోతున్న ఈ పిట్టకు పొదలు గిట్టవు. పొట్టిగా, పలుచగా పెరిగిన గడ్డి కావాలి. పూర్వం రైతులు పొడవైన పిడి గల కొడవళ్లతో ఈ గడ్డిని కోసి పశువులకు వేసేవారు. ఆ కష్టానికి తగిన ఫలం దక్కక కోత మానివేయగానే బయళ్లలో రెల్లు, పొదలు కమ్ముకొన్నాయి. కంచె వేసి ఊరకుంటే ప్రకృతి తనను తాను కాపాడుకొంటుందన్న నమ్మకం ఇక్కడ చెల్లలేదు. ఏటేటా ఎవరో ఒకరు గడ్డి కోయాలి; కోసినవారికి కూలి గిట్టాలి. సమాఖ్యలో చేరిన తరువాత, 2004 నుండి వ్యవసాయ నిధుల ద్వారా రైతులకు ఇటువంటి చెల్లింపులు మొదలయ్యాయి. మనిషి కాలు దిగబడే ఆ నేలపై, మంచును చదును చేసే యంత్రాలను మార్చి గడ్డికోతకు వాడసాగారు.

నేచురా 2000 తావుల నిర్వహణకు ఏటా 610 కోట్ల యూరోలు కావాలని 2004లో ఐరోపా కమిషన్ అంచనా వేసింది. కాని అందుకు ప్రత్యేక నిధిని ఏర్పరచలేదు. వ్యవసాయ, ప్రాంతీయాభివృద్ధి నిధులలోనే పంచుకోవాలన్నది. ఫలితంగా పిట్టకు, రహదారికి ఒకే పద్దులో పోటీ ఏర్పడింది.

ఆ పోటీ రోస్పూడా లోయలో బయటపడింది. ఔగుస్తూవ్ పట్టణం గుండా రాత్రింబవళ్లు లారీలు సాగేవి. పట్టణవాసులు బాహ్యమార్గం కోరారు. వారి బాధ నిజమైనదే. కాని ఎంచుకొన్న మార్గం అరుదైన ఆర్కిడ్లు పూచే చిత్తడి నేల మీదుగా పోతుంది. 2007లో పోలాండ్‌పై ఐరోపా కమిషన్ న్యాయస్థానానికి వెళ్లగా పనులు నిలిచాయి. 2009లో ప్రభుత్వం వేరే మార్గాన్ని ఎంచుకొంది. ఆ రహదారి 2014లో పూర్తయింది, లోయ మిగిలింది.

2007 నుండి అభ్యర్థి దేశాలకిచ్చే సాయాన్ని ఒకే పథకం కిందికి తెచ్చారు. సెర్బియా, మాంటెనెగ్రో, అల్బేనియా దేశాలు ఆ సాయంతో తమ తావుల జాబితాలను సిద్ధం చేసుకొంటున్నాయి. కొండవాలుల్లో పచ్చికను మేసే మందలు అక్కడ కూడా తగ్గిపోయాయి.