అంతర్జాల సేవలు: సమాసం, సంధి

సమాసం అనగానే విద్యార్థులకు పరీక్ష జ్ఞప్తికి వస్తుంది. అర్థవంతమైన రెండు పదాలు కలిసి ఏకపదం కావడమే సమాసమని చదువుకొంటాము. ఈ సూత్రం వ్యాకరణానికే పరిమితం కాదు. నేటి కంప్యూటరు శాస్త్రంలో వెబ్ సేవల కూర్పు అనబడే విషయాన్ని అర్థం చేసుకొనడానికి కూడ ఇది ఎంతగానో తోడ్పడుతుంది.

వెబ్ సేవ అనగా నేమి? ఒక కంప్యూటరు మరొక కంప్యూటరును అడిగి చేయించుకొనే పని. పిన్‌కోడు ఇస్తే ఊరి పేరు తెలపడం ఒక సేవ. ఖాతా నుండి రుసుము తీసుకొనడం మరొకటి. రసీదు పంపడం వేరొకటి. అడిగేవారికి లోపలి యంత్రాంగంతో పని లేదు. ఏమి ఇవ్వాలి, ఏమి వస్తుంది అనే ఒప్పందం తెలిస్తే చాలు. 2001లో వెలువడిన డబ్ల్యూ.ఎస్.డి.ఎల్. 1.1 అనే వివరణ భాష ఇట్టి ఒప్పందాలను వ్రాయడానికి ఉద్దేశింపబడినది.

చిన్న సేవలను కలిపి పెద్ద సేవను నిర్మించడమే కూర్పు. 2005లో అమెరికాలో పాల్ రేడ్‌మేకర్ అనే ప్రోగ్రామరు క్రెయిగ్స్ లిస్టులోని ఇండ్ల ప్రకటనలను గూగుల్ పటంపై చూపి "హౌసింగ్ మ్యాప్స్"ను రూపొందించాడు. ప్రకటనలూ, పటమూ ఇతరులవి. కూర్పు మాత్రమే అతనిది. కూర్పులో కొన్ని పనులు ఒకదాని తరువాత ఒకటి, కొన్ని ఏకకాలంలో, మరికొన్ని షరతును బట్టి జరుగుతాయి. ఈ క్రమాన్ని వ్రాయడానికి ఏర్పడిన బి.పి.ఇ.ఎల్. 2.0 అనే భాష 2007లో ప్రామాణికంగా ఆమోదం పొందినది.

అయితే పదాలను పక్కపక్కన నిలిపినంత మాత్రాన అవి కలియవు. "అతడు", "ఎక్కడ" అనే పదాలు కలిసేటప్పుడు ఉకారం లోపించి "అతడెక్కడ" అవుతుంది. సేవల విషయంలోనూ ఇట్టి సంధికార్యం అవసరం. ఒక సేవ తేదీని రోజుతో మొదలుపెడితే, మరొకటి సంవత్సరంతో మొదలుపెడుతుంది. నడుమ నిలిచి రూపం మార్చే భాగానికే అడాప్టరు అని పేరు.

తేదీని మార్చడం సులభం. మరి పేరు? ఉర్దూలో ఒకే విధంగా వ్రాసే పేరు ఇంగ్లీషు అక్షరాలలోకి వచ్చేసరికి ఒక పత్రంలో "మహమ్మద్", మరొకదానిలో "మొహమ్మద్", ఇంకొకదానిలో "ఎం.డి." అవుతుంది. మనకు ముగ్గురూ ఒకరే. యంత్రానికి ముగ్గురు వేర్వేరు. నా విద్యార్థి ఒకని ఉపకారవేతనం ఈ కారణం చేతనే నెలల తరబడి ఆగిపోయినది. తండ్రి కూలి మానుకొని కుమారునితో కార్యాలయాల చుట్టూ తిరిగాడు. అతని అర్హతలో లోపం లేదు; లోపమంతా సంధిలోనే ఉన్నది.

అట్లని పేర్లన్నిటినీ ఒకటిగా చేయమని యంత్రానికి చెప్పవచ్చునా? కూడదు. ఒకే పేరు గలవారు ఒకే తరగతిలో నలుగురుండవచ్చు. ఒకరి సొమ్ము మరొకరికి చేరవచ్చు. కనుక పేరు కుదరనప్పుడు హాల్ టికెట్టు సంఖ్యనూ, పుట్టిన తేదీనీ సరిచూడాలి. సందేహం మిగిలితే దరఖాస్తును త్రోసివేయక, బాధ్యత గల ఒక అధికారి ముందుకు పంపాలి.

మరొక చిక్కు కలదు. రుసుము తీసుకొన్న తరువాత రసీదు సేవ ఆగిపోతే ఏమి గతి? 1987లో హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలం అనే శాస్త్రజ్ఞులు "సాగా" అనే పద్ధతిని వివరించారు. ప్రతి పనికీ దానిని సరిదిద్దే ప్రతిక్రియను ముందుగానే ఏర్పరచడం దీని సారాంశం. రసీదు ఇవ్వలేకపోతే రుసుము తిరిగి చేరాలి.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి సేవలను నిర్మించబోతున్నారు. అన్నీ సవ్యంగా సాగినప్పుడు పనిచేసే కూర్పును ఎవరైనా చేయగలరు. ఒక భాగం తప్పినప్పుడు ఆ నష్టం ఎవరిపై పడుతుందో ముందుగా ఆలోచించినవాడే మంచి నిర్మాత. మీ దరఖాస్తు ఆగిన నాటి బాధను ఆనాడు మరువకండి.