మేఘాల బొమ్మ చదవడం నేర్చుకుందాం

వరి కోతలు మొదలయ్యాయంటే రైతు చూపంతా ఆకాశం మీదే. పనలు చేలో ఉండగా వాన పడితే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, ధర పడిపోతుంది. అలాగని టీవీలో మేఘాల బొమ్మ తెల్లగా కనబడగానే కంగారుపడి పచ్చి పనలు కుప్ప వేసినా నష్టమే. కుప్ప లోపల వేడెక్కి గింజ చెడిపోతుంది. కనుక ఆ బొమ్మ ఏం చెబుతుందో, ఏం చెప్పదో రైతు సోదరులు తెలుసుకోవాలి.

బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్సాట్-3డీఆర్, ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహాలను 2016లో, 2024లో శ్రీహరికోట నుంచి పంపారు. ఇవి భూమధ్యరేఖపై సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతాయి. అందుకే ఎప్పుడూ ఒకేచోట నిలబడి మన వైపే చూస్తున్నట్లు ఉంటాయి.

రెండు రకాల చూపు

వెలుగు బొమ్మ: ఎండ వెలుగులో తీసేది. పగలే పనికొస్తుంది. దళసరి మబ్బు బాగా తెల్లగా, పల్చటి మబ్బు బూడిద రంగులో కనబడతాయి.

వేడి బొమ్మ: దీన్నే పరారుణ చిత్రం అంటారు. రాత్రీ పగలూ వస్తుంది. ఇది కొలిచేది వానను కాదు, వేడిని. మబ్బు తల ఎంత ఎత్తుకు పోతే అంత చల్లన, బొమ్మలో అంత తెల్లన.

చిక్కంతా ఇక్కడే ఉంది. చాలా ఎత్తున పరుచుకునే పల్చటి మబ్బు కూడా చల్లనిదే కాబట్టి తెల్లగానే కనబడుతుంది. కానీ చుక్క నేల మీద పడదు. పగటిపూట రెండు బొమ్మలూ పక్కపక్కన చూడండి. రెండింటిలోనూ బాగా తెల్లగా ఉంటే అది దళసరి మబ్బు, వాన కురిసే అవకాశం ఎక్కువ.

మీ చేను కనబడదు

వేడి బొమ్మలో ఒక చుక్క అంటే సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు నేల. దాదాపు 4 వేల ఎకరాలన్నమాట! మీ రెండెకరాల్లో వాన పడుతుందా లేదా అనేది దాన్నిబట్టి చెప్పలేం.

మరి ఏం చేయాలి?

* ఒక్క బొమ్మ చూసి నిర్ణయం తీసుకోవద్దు. అరగంట తేడాతో వచ్చే మూడు నాలుగు బొమ్మలు వరుసగా చూడండి. మబ్బు మీ వైపు వస్తోందా, పెరుగుతోందా, విడిపోతోందా గమనించండి.
* దగ్గరలోని రాడార్ చిత్రం కూడా చూడండి. మబ్బులో వాన చినుకులున్నదీ లేనిదీ అది పట్టిస్తుంది. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో రాడార్లున్నాయి.
* బంగాళాఖాతంలో మబ్బులు సుడి తిరుగుతుంటే వాతావరణ శాఖ హెచ్చరికలు వినేదాకా కోత మొదలుపెట్టకండి.
* పనలు తడిస్తే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వాటిపై పిచికారీ చేయండి.

బొమ్మ చూడండి, హెచ్చరిక వినండి, ఆ తర్వాతే కొడవలి పట్టండి.