ముక్తాయింపు ఎవరి కొరకు?

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 14:7-12

డ్రమ్ సెట్టు నేర్చుకొనుచున్న యువకునికి సామాన్యమైన తాళమును నడిపించుట త్వరలోనే విసుగు పుట్టించును. చరణము ముగియు చోట స్నేర్ మీదనుండి టామ్‌ల మీదుగా దొర్లివచ్చు ఆ చిన్న వరుసయే అతనికి ఆకర్షణ. దానికి ఫిల్ అని పేరు. మృదంగము, తబలా ఎరిగిన తెలుగు సంఘములకు అది బొత్తిగా క్రొత్తది కాదు. ముక్తాయింపునకు అది దగ్గరి బంధువు.

ప్రాణములేని వాద్యములను గూర్చి పౌలు వ్రాసినప్పుడు ఆయన దృష్టి వినువానిమీద నున్నది. అక్కడి ముఖ్యాంశము భాషలే, వాద్యము ఉపమానము మాత్రమే. అయినను ఆ ఉపమానము వాద్యకారునికి సూటిగా తగులును.

రాబోవు పంక్తి ఎచ్చట ఎత్తుకొనవలెనో సంఘమునకు ముందుగా తెలుపుటయే ఫిల్ యొక్క పని. పుస్తకము లేకుండ కంఠస్థముగా పాడు వృద్ధురాలు ఆ ఎత్తుగడను చెవితోనే పట్టుకొనును. ఫిల్‌లో వేగము హెచ్చినయెడల ఆమె నోరు తెరచునప్పటికి పాట ముందుకు పోయియుండును. రెండు మూడు పర్యాయములు అట్లు జరిగిన పిమ్మట ఆమె పాడుట మానుకొనును. ఎవరును గమనింపరు.

దావీదు కాలపు గాయకులలో శిక్షణపొంది ప్రవీణులైనవారు 288 మంది (1 దినవృత్తాంతములు 25:7). అభ్యాసము సేవకు వెలుపలిది కాదు.

నాలుగు మాత్రల ఆవర్తములో మొదట ఒక్క మాత్రంత ఫిల్ చాలును. మెట్రోనోమును నిమిషమునకు 60 మాత్రలకు పెట్టి, మూడు ఆవర్తములు మామూలు తాళము నడుపవలెను. నాలుగవ ఆవర్తములో చివరి మాత్రయందు మాత్రమే, నోటితో తకధిమి అనుచు, స్నేర్ మీద కుడి, ఎడమ, కుడి, ఎడమ చేతులతో నాలుగు సమానమైన దెబ్బలు వేయవలెను. వెంటనే తరువాతి ఆవర్తపు మొదటి మాత్రమీద బేస్ డ్రమ్ము, క్రాష్ సింబలు కలిసి మ్రోగవలెను. అంతవరకు ఎడమ పాదము హై-హ్యాట్ మీద ప్రతి మాత్రను లెక్కించుచుండవలెను. చేతులు తొందరపడినవో లేదో ఆ పాదమే చెప్పును. తిస్ర నడకలో సాగు కీర్తనలకైతే తకధిమి బదులు తకిట.

ఇది స్థిరపడిన తరువాతనే రెండు మాత్రల ఫిల్: మొదటి తకధిమి స్నేర్ మీద, రెండవది టామ్ మీద. ఆవర్తమంతయు నింపు ఫిల్‌కు తొందర లేదు.

పిమ్మట ఇంటిలో పెద్దవారినొకరిని ప్రక్కన కూర్చుండబెట్టి కీర్తన పాడించుకొనవలెను. చరణమునకు చరణమునకు నడుమ ఊపిరి తీసుకొనుటకు ఎడము దొరకినదా అని అడుగవలెను. దొరకలేదన్నచోట ఫిల్ లేకుండ మరల వాయింపవలెను.