ఇంటిపైన ఎండ – లెక్క గిట్టుతుందా?

దూలపల్లిలో సొంత డాబా ఉన్నవారు ఒకసారి ఈ లెక్క వేసి చూడాలి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు, కిలోవాటుకు రూ. 30,000 చొప్పున, మూడవదానికి రూ. 18,000 కేంద్ర రాయితీగా నిర్ణయించారు. వెరసి రూ. 78,000. ఆపైన ఎంత పెద్ద ప్లాంటు పెట్టినా అంతే. ఈ సొమ్ము ముందుగా చేతికి రాదు. ప్లాంటు బిగించి, నెట్ మీటరు పెట్టాకే ఖాతాలో పడుతుంది. కాబట్టి తొలి పెట్టుబడి మనదే. అది లేనివారికి బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పిచ్చే ఏర్పాటు కూడా పథకంలో ఉంది.

కిలోవాటుకు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. పగటి మిగులు లైనులోకి పోయి, మన వాడకంలోంచి తీసివేతవుతుంది.

ఇక్కడే ఉంది మెలిక. 2024లో రాష్ట్రం తెచ్చిన గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడి, సున్నా బిల్లు పొందే ఇంటికి సోలార్‌తో మిగిలేదేముంది? బిల్లు బరువైన ఇంటికే లాభం. నెలవాయిదా, తగ్గే బిల్లుకు మించకుంటే ధైర్యంగా దిగవచ్చు.