ఒంటరి దూరప్రయాణం: సంచిలో ఏముండాలి?

చికిత్సకు నాలుగు పాదాలు ఉండాలని చరక సంహిత సూత్రస్థానం బోధిస్తున్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవే ఆ నాలుగు. వీటిలో ఏది లోపించినా చికిత్స కుంటుపడుతుంది. ఇంట్లో జబ్బుపడినవారికి ఈ నాలుగూ ఏదో విధంగా సమకూరుతాయి. వీపున సంచి తగిలించుకొని, తోడు లేకుండా, పరాయి దేశంలో నెలల తరబడి తిరిగేవారి సంగతి వేరు. వైద్యుడు దూరంగా ఉంటాడు. ఔషధం సంచిలో ఉన్నంతే. పరిచారకుడు అసలే ఉండడు. ఈ చివరి లోటును ఎవరూ ఆలోచించరు. దానిని ముందుగానే ఎట్లా పూరించుకోవచ్చునో ఈ వ్యాసంలో వివరిస్తాను.

2023 మే నెలలో మా మేనకోడలు నా వద్దకు వచ్చింది. ఆమె హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. "మామయ్యా, మూడు నెలలు సెలవు పెట్టి థాయిలాండ్, లావోస్, వియత్నాం చూసి రావాలనుకుంటున్నాను. ఒక్కదాన్నే వెళుతున్నాను. మందులు మీరు సర్ది ఇవ్వండి" అన్నది. మా చెల్లెలు కన్నీరు పెట్టుకున్నది. నేను మాత్రం రెండు రోజులు కూర్చుని చూర్ణాలు, లేహ్యాలు, అరిష్టాలు కలిపి పద్దెనిమిది రకాలు మూట కట్టాను. తూచి చూస్తే నాలుగు కిలోలున్నది. అమ్మాయి ఆ మూటను ఒకసారి ఎత్తి చూసి, మారు మాట్లాడకుండా బల్లపై పెట్టింది. అప్పుడు నలభై ఏండ్లనాటి నా సంచి నాకు గుర్తుకు వచ్చింది.

నా అనుభవం

1983 వర్షాకాలంలో, గురువుగారి వద్ద విద్య ముగియవచ్చిన రోజులలో, మూలికలను అవి పెరిగే చోటనే చూడాలన్న కోరికతో ఒంటరిగా రంపచోడవరం దాటి మారేడుమిల్లి అడవులలోనికి వెళ్ళాను. సంచిలో పదకొండు మందులున్నాయి. చూర్ణాలన్నీ కాగితపు పొట్లాలలో కట్టుకున్నాను. వాటిపై పేర్లు రాయలేదు. రంగు, వాసన, రుచులను బట్టి గుర్తించగలనన్న ధీమా అది. అరిష్టం గాజు సీసాలో ఉన్నది. మూడవనాటి వానకు పొట్లాలు తడిసి ముద్దయ్యాయి. ఒక వాగు దాటుతుండగా సీసా పగిలింది.

పన్నెండవనాటి సాయంకాలం వణుకుతో జ్వరం వచ్చింది. నాలుక చేదెక్కి ఉన్నందున ఏది సుదర్శన చూర్ణమో, ఏది త్రిఫలయో తేల్చుకోలేకపోయాను. ఇది విషమజ్వర లక్షణమని నాకు తెలుసు. తెలిసి కూడా, జ్వరం దిగిన ప్రతిసారీ నయమైనదనుకున్నాను. ఎక్కిన ప్రతిసారీ రేపు చూద్దామనుకున్నాను. నాలుగు దినాలు ఒక పాకలో పడి ఉన్నాను. చివరకు ఆ ఊరి గిరిజనులు డోలీ కట్టి రోడ్డు వరకు మోసుకొనివచ్చి, ఆసుపత్రికి చేర్చారు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. క్వినైన్ ఇచ్చి నన్ను బ్రతికించారు.

గురువుగారు నన్ను మందలించలేదు. "నాయనా, నీకు విద్య తక్కువై ఇట్లా జరగలేదు. జ్వరంలో ఉన్న బుద్ధి వైద్యం చేయలేదు. ఆ బుద్ధిని ఆరోగ్యంగా ఉన్నప్పుడే సంచిలో పెట్టుకోవలసినది" అన్నారు. ఈ వ్యాసంలోని సారమంతా ఆ మాటలోనే ఉన్నది.

దేశ కాలాలు

కర్కట, మకర రేఖల నడుమ వాన, తేమ, దట్టమైన చెట్లు గల ప్రాంతాలను మన శాస్త్రం చెప్పిన ఆనూప దేశంగా గ్రహించవచ్చును. అక్కడ కఫ ప్రాబల్యం అధికం. వర్షర్తువు కూడా తోడైతే జఠరాగ్ని మందగించి, వాతం ప్రకోపిస్తుంది. ఆగ్నేయాసియాలోని పై మూడు దేశాలలోనూ చాలా భాగాన మే నుండి అక్టోబరు వరకు వానలు కురుస్తాయి. అందుచేత సంచి సర్దేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. శరీరం తేలికగా కదలాలి. చర్మం పొడిగా ఉండాలి. అగ్ని నిలవాలి.

బరువు

నిండిన సంచి మన బరువులో ఆరవ వంతుకు మించకుండుట శ్రేయస్కరం. 50 కిలోలున్నవారు 8 కిలోలతో సరిపెట్టుకోవాలి. ఉక్కలో అధికభారం మోస్తే చెమట ఎక్కువై, దప్పిక పెరిగి, ఆకలి చెడుతుంది. మందుల పెట్టె అర కిలో దాటనవసరం లేదు.

మందుల పెట్టె

1. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు 6. ఒక్కొక్కటి లీటరు శుభ్రమైన నీటిలో కలిపే రకం. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవాలి. చెంచా అంటే టీ చెంచా. విరేచనాలు పట్టుకున్నప్పుడు మొదటి మందు ఇదే. ఆపడం తరువాతి మాట. పోయిన నీటిని ముందుగా తిరిగి ఇవ్వాలి. మలంలో రక్తం పడినా, జ్వరం తోడైనా ఆనాడే వైద్యుని చూడాలి.

2. శొంఠి చూర్ణం 50 గ్రాములు. ఆకలి మందగించినప్పుడు అర చెంచాకు మించకుండా గోరువెచ్చని నీటితో, భోజనానికి ముందు తీసుకోవాలి. కడుపులో మంట ఉన్నవారు, రక్తవిరేచనాలైనవారు తీసుకోరాదు.

3. త్రిఫల చూర్ణం 50 గ్రాములు. ప్రయాణంలో మలబద్ధకం సాధారణం. రాత్రి ఒక చెంచా వేడి నీటితో తీసుకోవాలి. గర్భిణులు, విరేచనాలవుతున్నవారు మానాలి.

4. లవంగ తైలం 5 మిల్లీలీటర్లు. పంటినొప్పికి దూదితో ఒక చుక్క అద్దితే దంతవైద్యుని చేరేవరకు ఆదుకుంటుంది.

5. పారాసిటమాల్ మాత్రలు, డిజిటల్ థర్మామీటరు. ఆయుర్వేద వైద్యుడు ఈ మాత్ర పేరు చెప్పడమేమిటని కొందరనవచ్చు. ప్రాణరక్షణలో ఏ శాస్త్రమూ పరాయిది కాదు.

6. గాయాలకు శుభ్రమైన గాజుగుడ్డ, అంటుపట్టీలు, క్రిమిసంహార లేపనం.

7. నిత్యం వాడే మందులుంటే, ప్రయాణకాలానికి సరిపడినవి, అదనంగా ఒక వారానివి.

ప్రతి మందునూ తడవని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పేరు, మోతాదు, తేదీ చెరగని సిరాతో రాయాలి. వీలైనంతవరకు సీలు తీయని కంపెనీ ప్యాకింగు, ఇంగ్లీషులో వైద్యుని ఉత్తరం ఉంటే మేలు. పేరులేని పొడి సరిహద్దు వద్ద ఎందరికో అనుమానం కలిగిస్తుంది.

తీసుకుపోకూడనివి

జాతీఫలాది చూర్ణం అతిసారానికి ప్రసిద్ధమైన ఔషధం. నా మొదటి మూటలో అది కూడా ఉన్నది. సంప్రదాయ యోగంలో దానికి భంగి ఆకు ముఖ్య ద్రవ్యం. ఇండోనేసియా, సింగపూరు వంటి దేశాలలో గంజాయి మొక్కకు సంబంధించినది ఏది దొరికినా శిక్ష అతి కఠినం. మందు అని చెప్పినా వినరు. ఈ విషయం తట్టగానే దానిని మూట నుండి తీసివేస్తూ నేను నిజంగా భయపడ్డాను. వంటకు వాడే గసగసాలు కూడా సింగపూరులోనికి తీసుకుపోరాదు. పాదరసం, సీసం చేరిన రసౌషధాలు వైద్యుని పర్యవేక్షణ లేనిచోట వాడదగినవి కావు. ఆసవారిష్టాలు బరువు. పైగా విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపు సీసాను అనుమతించరు.

దుస్తులు, పాదాలు

నడకకు త్వరగా ఆరే తేలికపాటి దుస్తులు రెండు జతలు, నిద్రకు వదులైన నూలు దుస్తులు ఒక జత చాలును. నూలు చల్లగా ఉంటుంది కాని, వానలో తడిస్తే రెండు రోజులైనా ఆరదు. తడిబట్ట ఒంటిపై ఉంటే తామర, ఒరుపులు తప్పవు. నిద్రకు వాడే జతను, ఒక జత మేజోళ్ళను తడవని సంచిలో విడిగా ఉంచి, పగలు ఎట్టి పరిస్థితిలోనూ తీయరాదు. రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు పూర్తిగా ఆరిన తరువాత మడమలకు, అరికాళ్ళకు కొబ్బరినూనె రాసుకొంటే వాతం శమించి నిద్ర పడుతుంది. సందులలో మాత్రం నూనె నిలవరాదు.

కాలికి పుండు ఉన్నప్పుడు నిలిచిన వాననీటిలో దిగరాదు. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకే మార్గమిదే. జలగ పట్టితే లాగరాదు, నిప్పు పెట్టరాదు. దాని నోటివద్ద గోటితో పక్కకు నెట్టి, సబ్బునీటితో కడగాలి.

దోమలు

డెంగీని వ్యాపింపజేసే దోమ పగలు కుడుతుంది. మలేరియా దోమ సాయంకాలం నుండి తెల్లవారేవరకు కుడుతుంది. కనుక రక్షణ రెండు పూటలా కావాలి. పొడుగు చేతుల చొక్కా, తేలికపాటి దోమతెర, డీట్ లేదా పికారిడిన్ గల లేపనం సంచిలో ఉండాలి. వేపనూనె, నిమ్మగడ్డి నూనె మంచివే గాని వాటి రక్షణ కొద్దిసేపే. వాటినే నమ్ముకొని అడవిలో నిద్రించరాదు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, రేబిస్, జపనీస్ మెదడువాపు టీకాల గురించి, మలేరియా నివారణ మాత్రల గురించి కనీసం ఆరు వారాల ముందు వైద్యుని సంప్రదించాలి.

పరిచారకుని స్థానంలో ఒక చీటీ

ఇక అసలు విషయానికి వద్దాం. దగ్గర మనిషి ఉంటే జ్వరంలో మనకు ఏం చేస్తాడు? థర్మామీటరు చూస్తాడు, నీళ్ళు ఇస్తాడు, "ఇక ఆగకూడదు, పద" అని ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఈ మూడు పనులనూ ఒక చీటీకి అప్పగించాలి. మా మేనకోడలితో నేను రాయించిన వరుసలివి.

ఒకటి: జ్వరం 38 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 100.4 ఫారన్‌హీటు దాటితే ఆనాటి ప్రయాణం ఆపాలి. బస యజమానికి, ఇంటికి తెలపాలి.

రెండు: నీరు, ఓ.ఆర్.ఎస్. తాగుతూ ఉండాలి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, మోతాదు మించకుండా వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోరాదు. డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచగలవు.

మూడు: 24 గంటలలోపు రక్తపరీక్ష చేసే ఆసుపత్రికి చేరాలి. జ్వరం దిగినా సరే చేరాలి.

నాలుగు: తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆగరాదు. డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాదకాలం.

ఐదు: కుక్క గాని కోతి గాని కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, ఆనాడే టీకాకు వెళ్ళాలి. కారం, సున్నం, పసుపు పెట్టరాదు.

చీటీ వెనుక పేరు, రక్తవర్గం, పడని మందులు, బీమా సంఖ్య, ఇంటి ఫోను, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఫోను ఇంగ్లీషులోనూ, అక్కడి భాషలోనూ రాయించి, తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించాము. ప్రతిరోజూ రాత్రి 8 గంటలకు ఒక్క మాట ఇంటికి పంపాలని, వరుసగా రెండు రాత్రులు రాకపోతే మేము మొదట బసకు, తరువాత రాయబార కార్యాలయానికి ఫోను చేయాలని ఒప్పందం చేసుకున్నాము.

బయలుదేరేముందు పరీక్ష

సంచి పూర్తిగా సర్ది, దానిని మోస్తూ రెండు గంటలు నడవాలి. భుజం ఒరుసుకున్నా, నడుము లాగినా ఏదో ఒకటి తీసివేయాలి. ఆ రాత్రి దీపం ఆర్పి, చేతి తడుముతో ఓ.ఆర్.ఎస్. పొట్లం, థర్మామీటరు, చీటీ తీయగలగాలి. తీయలేకపోతే పెట్టె సర్దిన పద్ధతి సరికాదు. అమ్మాయి మూడవ ప్రయత్నంలో తీయగలిగింది.

ఆమె జూన్ మొదటి వారంలో బయలుదేరింది. ఆగస్టులో లావోస్‌లోని ఒక చిన్న ఊరి నుండి "39 డిగ్రీలు, ఒకటవ వరుస" అని ఫోనుకు సందేశం వచ్చింది. మరునాటి ఉదయం జ్వరం కొంత దిగింది. బస్సు టిక్కెట్టు కొని ఉన్నందున ముందుకు పోదామనే తనకు అనిపించిందట. "మూడవ వరుసలో 'దిగినా సరే' అని నా చేతిరాతే ఉన్నది మామయ్యా. నా రాతను నేనే కాదనలేక ఆసుపత్రికి వెళ్ళాను" అని తరువాత చెప్పింది. పరీక్షలో డెంగీ అని తేలింది. ఐదవనాడు జ్వరం పూర్తిగా దిగి, కడుపునొప్పి మొదలైనప్పుడు ఆమె బస్సులో లేదు, ఆసుపత్రి మంచంపై సెలైను కింద ఉన్నది. వారం రోజులకు కోలుకొని, ప్రయాణం కుదించుకొని ఇంటికి చేరింది. త్రిఫల డబ్బా సీలు కూడా తీయలేదు.

తిరిగి వచ్చిన తరువాత కూడా ఒక జాగ్రత్త అవసరం. కొన్ని రకాల మలేరియా నెలల తరువాత సైతం బయటపడుతుంది. ఏడాదిలోపు జ్వరం వస్తే, ఏయే దేశాలు తిరిగినారో వైద్యునికి మొదటి మాటగా చెప్పండి. చీటీని పారవేయకుండా దాచి ఉంచండి. మీ ఇంట్లో మరొకరు ఒంటరిగా బయలుదేరే రోజున వారికిచ్చి, వారి చేతిరాతతోనే తిరిగి రాయించండి.