పాత టార్చికి కొత్త బల్బు

మీ ఇంట్లో పాత టార్చిలైటు ఉందా? మన మార్కాపురం, గిద్దలూరు వైపు చాలామంది దాన్ని బ్యాటరీ లైటు అంటారు. రేకు గొట్టం, ముందు అద్దం, వెనక మర మూత. లోపల రెండు పెద్ద సెల్లులు, లేకపోతే మూడు. సెల్‌ఫోనులో లైటు వచ్చాక చాలా ఇళ్ళల్లో దాన్ని గూట్లో పడేశారు.

పడేయాల్సిన పని లేదు. గొట్టం బాగుంటే, స్విచ్చి పని చేస్తుంటే, బల్బు ఒక్కటి మార్చి చూడండి. పాత తీగె బల్బు తీసి ఎల్ఇడి బల్బు పెట్టుకోవచ్చు. అయితే బల్బు కొనేముందు దాని మీద రాసిన అంకెలు చదవాలి. చదవకుండా కొంటే డబ్బు దండగ.

ఫోనులో లైటు ఉండగా ఇదెందుకు అంటారేమో. ఫోను లైటు కాళ్ళ ముందు నాలుగు అడుగుల వరకే బాగా కనపడుతుంది. చేను గట్టు మీద నడిచేవాళ్ళకు అది చాలదు. నల్లమల అంచున ఉన్న ఊళ్ళల్లో అడవి పందులు చేలమీద పడతాయి. వేరుశనగ చేనుకు కాపలా ఉండే మనిషి మంచె మీద నుంచి చేను ఆ చివర దాకా వెలుగు కొట్టి చూడాలి. పైగా ఫోనులో ఛార్జింగు అయిపోతే వెలుగూ పోతుంది, 108కు ఫోను చేసే దారీ పోతుంది.

ఇక పాములు. మన దేశంలో పాముకాటు చావులు ఎక్కువగా నాలుగు పాముల వల్ల జరుగుతున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వీటిలో కట్లపాము రాత్రి పూట తిరిగేది. పింజర్లు కూడా చీకటి పడ్డాకే ఎక్కువగా బయటికి వస్తాయి. లైటు చూసి పాము పారిపోతుందని కొందరు అంటారు. ఆ మాట నమ్మవద్దు. లైటు ఉన్నది పామును తరమడానికి కాదు. పాము మీద మీరు కాలు వేయకుండా ఉండడానికి. ఒకవేళ కరిచిందా, కాటు దగ్గర కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన కాలును కదిలించకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు సూది మందు అక్కడే ఉంటుంది.

పాత బల్బులో సన్నని తీగె ఉంటుంది. కరెంటు పారితే ఆ తీగె కాగి, తెల్లగా మండినట్లు వెలుగుతుంది. మనం కొన్న కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడి కిందే పోతుంది. కాసేపు వెలిగించి అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. టార్చి కింద పడితే తీగె తెగుతుంది. బల్బు పోయినట్లే.

ఎల్ఇడిలో తీగె లేదు. బియ్యపు గింజంత బిళ్ళ ఉంటుంది. దానిలోకి కరెంటు పారితే నేరుగా వెలుగు వస్తుంది. ఎర్ర వెలుగు ఇచ్చే ఎల్ఇడి 1962లోనే అమెరికాలో వచ్చింది. తెల్ల వెలుగు మాత్రం చాలా ఏళ్ళు రాలేదు, ఎందుకంటే దానికి నీలం వెలుగు కావాలి. జపానులో అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పాటుపడి నీలం ఎల్ఇడిని సాధించారు. నకమురా చేసిన గట్టి నీలం వెలుగు 1993లో బయటికొచ్చింది. ఆ నీలం బిళ్ళ మీద పసుపు వెలుగు ఇచ్చే పూత పూస్తే తెల్ల వెలుగు వచ్చింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన చేతిలోని చిన్న బల్బు వెనక అంత కథ ఉంది.

ఇప్పుడు అంకెల సంగతి చూద్దాం. ఒక ఇంట్లో మామా కోడలూ మాట్లాడుకుంటున్నారు. కోడలు ఈమధ్యనే చదువు నేర్చుకుంది.

"మామా, పాత బల్బు నడుం మీద 2.5 అని రాసుంది. వెలుతురులో పట్టుకుంటే కనపడింది."

"ఆ రాతలు నాకేం తెలుసు తల్లీ. ఇన్నేళ్ళూ వెలిగితే చాలనుకున్నా."

"కొత్త పొట్లం మీద 3 వోల్టులు అని ఉంది. మనది రెండు సెల్లుల టార్చి. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. రెండూ కలిపితే మూడు. సరిపోద్ది."

"సరిపోద్దంటివి, బల్బు వేస్తివి. వెలగలా. కొట్టోడు మోసం చేసినట్టుండాడు."

"ఆగండి మామా. సెల్లులు ఎట్టా వేశారో చూస్తా. ఇదిగో, రెండూ తలకిందులుగా ఉండాయి."

ఆమె సెల్లులు తీసి సరిగా వేసింది. టార్చి వెలిగింది.

పాత తీగె బల్బుకు కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే. అందుకే సెల్లులు అన్నీ తలకిందులుగా వేసినా చాలా టార్చీలు వెలిగేవి. ఎల్ఇడికి అట్లా కాదు. కరెంటు ఒకవైపు నుంచే పారాలి. సెల్లు మీద బొడిపె ఉన్న వైపు + గుర్తు ఉంటుంది. మామూలు టార్చీలో ఆ వైపు బల్బుకు తగలాలి. కొత్త బల్బు వెలగకపోతే కొట్టువాడితో తగాదా పడేముందు ఈ గుర్తు చూసుకోండి.

వోల్టుల తర్వాత వాట్లు చదవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎల్ఇడి అంటే సెల్లులు ఆదా అనుకుంటారు. అర వాటు బల్బు కొంటే ఆదానే. పాత బల్బుకంటే వెలుగు ఎక్కువ, సెల్లులు ఎక్కువ రోజులు వస్తాయి. కానీ 3 వాట్ల బల్బు రెండు సెల్లుల టార్చీకి పెట్టారనుకోండి. 3 వాట్లను 3 వోల్టులతో భాగిస్తే 1 ఆంపియరు. పాత తీగె బల్బు తాగింది 0.3 నుంచి 0.5 ఆంపియరు మాత్రమే. అంటే పాతదాని కంటే రెండు మూడు రెట్లు సెల్లులు తాగేస్తుంది. కళ్ళు జిగేలుమంటాయి, నాలుగు రోజులకు సెల్లులు చస్తాయి. కొట్లో అడిగితే అన్నీ ఒకటే అంటారు. అన్నీ ఒకటి కావు.

ఇంకో చిక్కు ఉంది. తెల్ల ఎల్ఇడి బాగా వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. రెండు సెల్లులు కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా అంతే ఇస్తాయి. వాడేకొద్దీ తగ్గిపోతాయి. అందుకని మంచి బల్బు అడుగున చిన్న సర్క్యూటు పెడతారు. తగ్గిన వోల్టులను అది పెంచి ఇస్తుంది. అది లేని చవక బల్బు కొద్ది రోజులకే మసకబారుతుంది. పొట్లం మీద "1.5 నుంచి 3 వోల్టులు" లాగా రెండు అంకెలు ఉంటే, తగ్గిన సెల్లులతో కూడా పని చేస్తుందన్నమాట. మూడు సెల్లుల టార్చీకి 4.5 వోల్టులు తట్టుకునేది కొనాలి.

ఇట్లాంటి సర్క్యూటు బల్బుతో ఒక జాగ్రత్త అవసరం. పాత బల్బు ముందుగా ఎర్రబడి, సెల్లులు అయిపోతున్నాయని చెప్పేది. ఈ బల్బుల్లో కొన్ని చివరి దాకా బాగా వెలిగి, ఉన్నట్టుండి ఆరిపోతాయి. చేను మధ్యలో ఆరిపోతే కష్టం. రెండు కొత్త సెల్లులు జేబులోనో, కొంగులోనో పెట్టుకుని పోండి.

బల్బు అడుగు కూడా చూడండి. కొన్నిటికి మర ఉంటుంది. కొన్నిటికి చుట్టూ పళ్ళెం లాంటి అంచు ఉంటుంది. మీది ఏ రకమో తెలియకపోతే పాత బల్బు తీసుకుపోయి పక్కన పెట్టి చూడటమే మేలు. లోపలి మెరిసే గిన్నెను తీగె బల్బు కోసం చేశారు. ఎల్ఇడి పెడితే వెలుగు దూరం పోకుండా పక్కలకు పరుచుకోవచ్చు. నడకకు అది మంచిదే. మంచె మీద కాపలాకు మాత్రం చాలకపోవచ్చు. టార్చి తల తిప్పితే వెలుగు దగ్గరపడే రకమైతే, తిప్పి చూసుకోండి.

సెల్లుల గురించి రెండు మాటలు. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు మన ఇళ్ళల్లో చాలా ఏళ్ళు రేడియోలనూ టార్చీలనూ నడిపాయి. అప్పట్లో నీరసించిన సెల్లులను ఎండలో పెట్టేవాళ్ళు. వేడికి లోపలి మందు కాస్త చురుగ్గా పని చేసి కాసేపు వెలిగేది. కొత్త బలం మాత్రం రాదు. అట్లాంటి సెల్లును నమ్ముకుని రాత్రి పొలం పోకండి. పాత సెల్లును కొత్తదానితో కలపకండి. నిప్పులో వేయకండి. నెలల తరబడి వాడకపోతే సెల్లులు తీసి విడిగా పెట్టండి. లోపలే ఉంటే రసం కారి స్ప్రింగు తుప్పు పడుతుంది. తుప్పు కొద్దిగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఆ పొడి పిల్లల చేతికి అంటనీయకండి.

పలక తీసుకోండి. మీ ఇంటి టార్చీలో సెల్లులు ఎన్ని? వాటి వోల్టులు మొత్తం ఎంత? పాత బల్బు మీద ఏమి రాసి ఉంది? ఈ మూడు అంకెలూ పలక మీద వేసి, ఒక చీటీ మీదికి ఎక్కించండి. కొట్టుకు పోయినప్పుడు ఆ చీటీ వెంట తీసుకుపోండి.